గౌరాయ్‌కి రెండు కోతలు

శ్రోతలకు నమస్కారం.

ఓ హైస్కూలు అమ్మాయి ఇంటికి పార్సిల్ వచ్చింది. అమ్మాయి పేరు ఆవో. ఒక్కతే ఉంటోంది. ప్లాస్టిక్ బొమ్మలు బిగించడంలో ఓనమాలు కూడా రావు. డబ్బా విప్పితే లోపల జానెడు కూడా లేని పిల్ల. కళ్లు తెరిచింది, మాట్లాడింది. పేరు గౌరాయ్. కాసేపటికి ఇంకో రెండు బొమ్మలు దిగాయి, స్టైలెట్, బాజలార్డ్ అని. మాతో పోటీకి రా అన్నాయి. పోటీకి దిగాలంటే కవచం కావాలి, తుపాకీ కావాలి. అవి ఎవరు బిగించాలి? ఏమీ రాని ఆవోనే బిగించాలి.

ఇది 'ఫ్రేమ్ ఆర్మ్స్ గర్ల్' అనే యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్. 2017 ఏప్రిల్ నుంచి జూన్ దాకా జపాన్ టీవీలో 12 భాగాలు వచ్చింది. మామూలుగా సినిమా ఆడాక బొమ్మలు అమ్ముతారు కదా, ఇక్కడ బొమ్మే ముందు పుట్టింది. టోక్యో శివారు తచికావాలో కొతొబుకియా అనే బొమ్మల కంపెనీ ఉంది. వాళ్ల రోబో బొమ్మలనే షిమాడా ఫుమికానే అనే చిత్రకారుడు ఆడపిల్లలుగా మార్చి గీశాడు. గౌరాయ్ కిట్, అంటే మనమే బిగించుకునే ముక్కల డబ్బా, 2015లో బజారుకొచ్చింది. గౌరాయ్ మూలం నేల మీద పోరాడే ట్యాంకు లాంటి రోబో, స్టైలెట్ మూలం గాలిలో ఎగిరే విమానం లాంటి రోబో. అందుకే మొదటి పోటీ అంత బాగుంటుంది: ఒకరు పైన, ఒకరు కింద. పోటీ జరిగేది ఊహా మైదానంలో కాబట్టి ఓడిన బొమ్మ విరగదు. సాయంత్రానికి అందరూ ఛార్జర్లెక్కి కబుర్లాడుకుంటారు. కథ పల్చన, ఆ మాట ఒప్పుకోవాలి. కెమెరా చూపు అక్కడక్కడా చిన్నపిల్లలకు తగినట్టు ఉండదు, అదీ చెప్పాలి. కానీ బొమ్మ బిగించే చేతుల్ని ఇంత ప్రేమగా చూపించిన కార్టూన్లు తక్కువ.

అసలు గౌరాయ్ కిట్‌కి వద్దాం. డబ్బాలో బొమ్మ ఉండదు. ప్లాస్టిక్ చట్రాలుంటాయి. వంకాయ తొడిమకు వేలాడినట్టు, ప్రతి ముక్కా ఒక సన్నటి కాడతో చట్రానికి అంటుకుని ఉంటుంది. జిగురు అక్కర్లేదు, ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగిపోతాయి. నిలబెడితే దాదాపు 15 సెంటీమీటర్లు. ముఖాలు మూడు, ముందు జుట్టు ఊడదీసి ముఖం మార్చుకోవచ్చు.

కొత్తవాళ్లు పాడుచేసేది ఒక్కచోటే, ఆ తొడిమ దగ్గర. కటింగ్ ప్లయర్ ముక్కకు ఆనించి ఒక్క పోటున కత్తిరిస్తారు. తొడిమ తెగేటప్పుడు ప్లాస్టిక్ సాగుతుంది, సాగినచోట తెల్లమచ్చ పడుతుంది. లేదంటే ముక్కలోంచే చిన్న పెచ్చు లేచిపోయి గుంట మిగులుతుంది. చర్మం రంగు తొడ మీద ఆ మచ్చ పడితే ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది.

కాబట్టి రెండు కోతలు. మొదటి కోత దూరంగా, ముక్కకు రెండు మూడు మిల్లీమీటర్ల కాడ మిగిలేలా. ముక్క చట్రం నుంచి విడిపోతుంది, ఇక లాగుడు ఉండదు. రెండో కోత దగ్గరగా, ప్లయర్ చదును వైపు ముక్కకు తిప్పి, వెంట్రుకవాసి వదిలి. ఆ వెంట్రుకవాసిని 400 నంబరు ఉప్పు కాగితంతో, తర్వాత 600, చివర 1000తో రుద్దండి. మళ్లీ చెబుతున్నా: రెండు కోతలు, మొదటిది దూరంగా, రెండోది దగ్గరగా. ముఖం మీద మాత్రం ఉప్పు కాగితం పెట్టకండి. కళ్లు అచ్చువేసి వస్తాయి, రుద్దితే చూపు పోతుంది.

టైము దగ్గరపడింది, కీళ్ల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఆయుధాల పిన్నులూ కన్నాలూ చాలావరకు 3 మిల్లీమీటర్లవే. అందుకే ఒకరి తుపాకీ ఇంకొకరికి పట్టేస్తుంది. చేతి కీలు పిన్ను మీద తొడిమ మచ్చ ఉందని మరీ గీకితే పిన్ను సన్నబడుతుంది, తుపాకీ పట్టుకోగానే చెయ్యి కిందికి వాలిపోతుంది. పదే పదే పెట్టి తీసినా అంతే. అప్పుడు పిన్ను చుట్టూ ఫెవిక్విక్ లాంటి జిగురు పల్చగా ఒక పూత పూసి, పక్కన పెట్టేయండి. రాత్రి పూస్తే పొద్దున్నే బిగించుకోవచ్చు. పూత పూర్తిగా ఆరితే పిన్ను ఒక పిసరు లావెక్కి కన్నంలో బిగుతుగా కూర్చుంటుంది. ఆరకముందే దూర్చారో, ఆ చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోతుంది, మీ గౌరాయ్ జన్మంతా ట్రాఫిక్ పోలీసే.