వాల్వు లోపల ఏముందో అడగండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఈ సభ ఏర్పాటు చేసిన మిత్రులకు కృతజ్ఞతలు. నన్ను ఉప్పునీటి అక్వేరియంలో ఆటోమేషన్ గురించి మాట్లాడమన్నారు. కంట్రోలర్లు, టైమర్ల గురించి తర్వాతి వక్తలు చెబుతారు. నేను సోలెనాయిడ్ వాల్వు దగ్గరే ఆగిపోతాను, అంటే కరెంటు కాయిల్ అయస్కాంతంలా లాగితే తెరుచుకుని నీటిని వదిలే వాల్వు.

ఒక మిత్రుడి ట్యాంకులో నత్తలు అద్దం మీంచి రాలిపోయాయి. రొయ్యలు చచ్చిపోయాయి, పగడాలు ముడుచుకుపోయాయి. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. అమ్మోనియా లేదు, ఉప్పు శాతం సరిగ్గానే ఉంది. చేపలు బాగుండి వెన్నెముక లేని జీవులే పోతుంటే ముందు రాగిని అనుమానించాలి. పరీక్ష చేస్తే రాగే తేలింది. తెల్లమచ్చల జబ్బుకు విడి ట్యాంకులో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల దాకా వాడతామే, ఆ రాగి. చేపకు మందు, నత్తకు విషం.

ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆవిరైన నీటిని తిరిగి నింపే టాప్ అప్ లైనులో ఉన్న ఇత్తడి వాల్వు నుంచి. "అక్కడ పారేది ఆర్వో నీళ్లే కదా, ఉప్పు తగలదు" అని చెప్పి అమ్మారట. నాకు కోపం వచ్చేది ఇక్కడే! ఖనిజాలు తీసేసిన నీళ్లు ఇత్తడి నుంచి రాగిని లాగేస్తాయి. ట్యాంకులో నీరు ఆవిరవుతుంది, రాగి ఆవిరి కాదు. రోజూ కొంచెం కొంచెంగా చేరి రాళ్లలో, ఇసుకలో కూర్చుంటుంది. ఉప్పు తగిలే చోటే కాదు, ట్యాంకులోకి వెళ్లే ఏ నీళ్ల దారిలోనూ ఇత్తడి వద్దు.

"అయితే స్టీలు పెడతాం" అంటారు. 304 రకం ఉప్పునీటిలో గుంటలు పడుతుంది. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి అది మెరుగే. కానీ మూసి ఉన్న వాల్వులో నీరు కదలదు. సీలు కింది సందులో ఆక్సిజన్ తగ్గి, స్టీలును కాపాడే పొర దెబ్బతిని, తుప్పు అక్కడ మొదలవుతుంది.

అసలు సంగతి వినండి. వెనక వరుసలో వాళ్లు కూడా దయచేసి వినండి. వాల్వు లోపల కదిలి నీటి దారి తెరిచే కడ్డీయే ప్లంజర్. దాన్ని కాయిల్ లాగాలంటే అది అయస్కాంతానికి అంటుకునే లోహం కావాలి. 316 అంటుకోదు. అందుకే బాడీ 316 అయినా, నైలాన్ అయినా, లోపలి ప్లంజర్ వేరే స్టీలు, తుప్పుకు అంతగా తట్టుకోనిది. మామూలు వాల్వుల్లో అది నీళ్లలోనే మునిగి ఉంటుంది. పెట్టె మీద "మెరైన్ గ్రేడ్" అని ఉంటే బాడీ చూసి మురిసిపోకండి. ప్లంజర్‌కి నీళ్లు తగులుతాయా? స్ప్రింగ్‌కి తగులుతాయా? ఈ రెండూ అడగండి. జవాబు చెప్పలేకపోతే కొనకండి.

ఉప్పునీటికైతే కాయిల్ భాగాన్ని డయాఫ్రమ్ అనే సాగే పొరతో నీటి నుంచి వేరు చేసినది తీసుకోండి. లేదా ట్యూబుని నొక్కి మూసే పించ్ వాల్వు, అందులో నీళ్లు తగిలేది ట్యూబుకే. పెద్ద పైపైతే మోటారుతో తిరిగే పీవీసీ బాల్ వాల్వు. సీళ్ల రబ్బరు ఈపీడీఎమ్ కానీ ఎఫ్‌కేఎమ్ కానీ అయితే మంచిది. ఉప్పు తేమ ఉన్న చోట 24 వోల్టుల డీసీ కాయిల్ క్షేమం.

ఇంకొకటి, మర్చిపోయేవాణ్ణి. నీటి ఒత్తిడి సాయంతో తెరుచుకునే పైలట్ రకం వాల్వులు చాలావరకు 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి లేనిదే సరిగా తెరుచుకోవు. ఒక మీటరు ఎత్తు నుంచి దిగే నీటికి ఉండేది 0.1 బారే. గురుత్వంతో నింపేవాళ్లు డైరెక్ట్ యాక్టింగ్ అని, అంటే కాయిల్ బలంతోనే తెరుచుకునేది, అడిగి తీసుకోండి.

వాడి తీసేసిన ప్లాస్టిక్ బాడీ వాల్వు ఒకటి తెచ్చాను. ఇప్పుడు విప్పి బల్ల మీద పెడతాను, దగ్గరికొచ్చి ప్లంజర్ చూడండి.