దవాఖాన ఫ్రీనే, పోయిన కూలి ఎవరిస్తారు?

నమస్తే అండీ. బస్తీ దవాఖానాలు, అంటే బస్తీల్లో ప్రభుత్వం పెట్టిన చిన్న క్లినిక్‌లు, హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఢిల్లీ మొహల్లా క్లినిక్‌లను చూసి తెచ్చిన ఆలోచనే, అందులో తప్పేం లేదు. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు. చూపించుకోవడం ఫ్రీ, గోళీలు ఫ్రీ. రక్తం అక్కడే తీసుకుంటారు, శాంపిల్ నారాయణగూడ ల్యాబ్‌కు పోతుంది, రిపోర్టు ఫోన్‌కే వస్తుంది. చిన్న జ్వరానికి కూడా గాంధీ, ఉస్మానియా ఓపీ లైన్లలో నిలబడే బాధ చాలామందికి తప్పింది.

నా గొడవంతా టైమింగ్స్‌తోనే. పొద్దున 9 నుంచి సాయంత్రం 4. ఆ టైమ్‌లో బస్తీలో ఎవరుంటారండీ? కూలికి పోయేవాళ్లు అప్పటికే లేబర్ అడ్డా మీద ఉంటారు. అపార్ట్‌మెంట్లలో పనిచేసే అక్క మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఇంత తిని, మళ్లీ సాయంత్రం పనికి పోతుంది. ఆటో అన్నకు పొద్దున పూటే గిరాకీ. వీళ్లు దవాఖానకు పోవాలంటే ఒక పూట పని మానాలి. డాక్టరు ఫీజు మిగిలింది, సరే. కూలి పోయింది కదా!

అందుకే రాత్రి 8 గంటలకు గల్లీలో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. తెలివిలేక కాదు, ఆ టైమ్‌కు తెరిచి ఉండేది ఆయన షట్టరే. పైగా పైసలు రేపిస్తానన్నా ఊరుకుంటాడు. ఏ కార్పొరేట్ ఆస్పత్రిలో ఖాతా పెడతారో చెప్పండి?

జ్వరమైతే ఎట్లాగో తగ్గుతుంది. బీపీ, షుగర్ అట్లా కాదు. నెలనెలా గోళీలు తెచ్చుకోవాలి, చెక్ చేయించుకోవాలి. నొప్పే తెలియని రోగానికి ఎవరు కూలి వదులుకుంటారు? గోళీలు అయిపోతాయి, వచ్చే వారం పోదాంలే అనుకుంటారు. ఏళ్ల తరబడి అట్లాగే సాగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. అప్పుడు ఆరోగ్యశ్రీలో డయాలసిస్ చేస్తారు. ఆ పథకం పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, సంతోషం. కానీ వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు పోయే మనిషి మళ్లీ అడ్డా మీద నిలబడగలడా?

కొత్త బిల్డింగులు కట్టమని అడగడం లేదు. ఉన్నవాటినే వారంలో కనీసం మూడు రోజులు రాత్రి 9 దాకా తెరవండి. ముంబైలో 2022లో మొదలైన ఆప్లా దవాఖానాల్లో కొన్ని రాత్రి 10 దాకా నడిచేలా పెట్టారు. అలాగని పొద్దున వచ్చిన డాక్టరునే రాత్రి దాకా కూర్చోబెట్టొద్దు, వాళ్లూ మనుషులే. సాయంత్రం షిఫ్టుకు వేరే డాక్టరును, వేరే నర్సును తీసుకోవాలి. ఖర్చుంటుంది. పెట్టాల్సిన ఖర్చే అని నేనంటాను.

మీ బస్తీలో దవాఖాన ఎన్నింటికి మూస్తున్నారు, మీకు ఏ టైమ్ అయితే కుదురుతుంది? కింద కామెంట్‌లో రాయండి.