పాల్ మోరియా: గాయకుల వెనుక నుండి ముందుకు

శ్రోతలకు నమస్కారం.

1968 ఫిబ్రవరిలో, పాటల ఆదరణను వారం వారం లెక్కగట్టే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన రికార్డులో గాయకుడూ లేడు, సాహిత్యమూ లేదు. బీటిల్స్ వంటి బృందాలు యువతరాన్ని ఏలుతున్న రోజుల్లో, నలభై రెండేళ్ళ ఫ్రెంచి వాద్యబృంద నాయకుడు పాల్ మోరియా వెలువరించిన ‘లవ్ ఈజ్ బ్లూ’ ఐదు వారాలపాటు ఆ స్థానాన్ని విడిచిపెట్టలేదు. దాని వెనుక చాలా ఏళ్ళ అజ్ఞాత శ్రమ ఉంది.

మోరియా 1925లో మార్సెయ్ నగరంలో జన్మించారు. తండ్రి తపాలా శాఖలో ఉద్యోగి, సంగీతప్రియుడు. బాల్యంలోనే పియానో ముందు కూర్చున్న ఆ అబ్బాయి స్థానిక సంగీత కళాశాలలో శాస్త్రీయ శిక్షణ పొందినప్పటికీ, పదిహేడేళ్ళకే జాజ్ వైపు మొగ్గి సొంత బృందాన్ని కూర్చుకున్నాడు. తరువాత పారిస్ చేరి, షార్ల్ అజ్నవూర్ వంటి గాయకుల పాటలకు వాద్యరచన చేయడం వృత్తిగా చేసుకున్నారు. మన సినిమా పేర్లలో సంగీత దర్శకుడి తరువాత చిన్న అక్షరాలలో కనిపించే సహాయకుడి స్థానం వంటిదే ఇది. బాణీ ఎవరిదైనా, ఏ చరణం కింద వయొలిన్లు లేవాలో, ఎక్కడ అన్నీ ఆగి గొంతుకు దారి ఇవ్వాలో నిర్ణయించేది ఆయనే. అజ్నవూర్ పాడిన ‘లా బోయెమ్’కు వాద్యరచన మోరియాదే.

ఇంకొక విచిత్రం చెప్పాలి. ఫ్రాంక్ పూర్సెల్ అనే మరో వాద్యబృంద నాయకుడితో కలిసి ఆయన మారుపేరుతో కూర్చిన ‘షారియో’ అనే బాణీ, ఇంగ్లీషు మాటలు తొడుక్కుని, లిటిల్ పెగ్గీ మార్చ్ అనే బాలిక గొంతులో 1963లోనే అమెరికాలో మొదటి స్థానం పొందింది. అంటే ఆయన స్వరం ఆయన పేరు కంటే ఐదేళ్ళు ముందుగా అక్కడికి చేరింది!

1965లో సొంత పేరుతో పెద్ద వాద్యబృందాన్ని స్థాపించారు. ఇక ‘లవ్ ఈజ్ బ్లూ’ విషయానికి వస్తే, దాని మూలం 1967లో వియన్నాలో జరిగిన యూరోవిజన్ అనే ఐరోపా దేశాల పాటల పోటీలో, లక్సెంబర్గ్ తరఫున విక్కీ లియాండ్రోస్ పాడిన ఆంద్రే పోప్ బాణీ; దానికి అక్కడ దక్కింది నాలుగో స్థానమే. మోరియా దానిలోని మాటలను తొలగించి, పియానోకు పూర్వరూపమని చెప్పదగిన హార్ప్సికార్డ్ మోగింపును ముందుకు తెచ్చి, దాని చుట్టూ వయొలిన్లను పరచి, అడుగున ఆనాటి యువకులకు అలవాటైన డ్రమ్ముల నడకను నిలిపారు. పాత రాచరికపు వాద్యమూ కొత్త లయా ఒకే చోట చేరడంలోనే దాని ఆకర్షణ ఉందని నా అభిప్రాయం. ఆ పోటీలో గెలిచిన పాటను కూడా ఆయన ‘లవ్ ఈజ్ బ్లూ’ ఉన్న ఆల్బమ్‌లోనే వాయింపించారు. ప్రపంచానికి గుర్తుండిపోయింది మాత్రం నాలుగో స్థానపు పాట వాద్యరూపం. ‘బ్లూమింగ్ హిట్స్’ అనే ఆ ఆల్బమ్ సైతం అమెరికాలో అగ్రస్థానం అందుకుంది.

ఈ తరహా సంగీతాన్ని హోటల్ వసారాల్లో వినిపించే కాలక్షేపమని విమర్శకులు తీసిపారేయడం మామూలే. మోరియా రికార్డులలోనూ చప్పగా సాగినవి లేకపోలేదు. అయితే గొంతు లేకుండా పాటను నిలబెట్టాలంటే, మాట చేసే పనినంతా వాద్యాల రంగుల మార్పుతోనే చేయాలి. అది చేతకానివారి పని కాదు.

అమెరికాలో మళ్ళీ ఆ స్థాయి విజయం రాలేదు. సోవియట్ టెలివిజన్‌లో జంతు ప్రపంచం గురించిన ప్రసిద్ధ కార్యక్రమానికి ఆయన బృందం వాయించిన ఏరియెల్ రమీరెజ్ బాణీ ప్రారంభ సంగీతమైంది. ఆయనను దశాబ్దాలపాటు ఆదరించినది మాత్రం జపాన్. అక్కడ పదే పదే పర్యటించిన మోరియా, 2006లో కన్నుమూయడానికి ఎనిమిదేళ్ళ ముందు, తన వీడ్కోలు కచేరీకి పారిస్‌ను కాక ఒసాకాను ఎంచుకున్నారు.