బీరువాలో ఉండిపోయిన కార్డు

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య మా అమ్మ ఫోన్‌కి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. మీ డెబిట్ కార్డు చాలాకాలంగా వాడటం లేదు, ఫలానా తేదీలోగా వాడకపోతే ఆపేస్తాం అని. అమ్మ ఆ కార్డు కవరు కూడా చింపలేదు. బీరువాలో పాస్‌బుక్కు కింద అలాగే ఉంది. ప్రతి నెలా బ్యాంకుకి వెళ్లి, విత్‌డ్రాయల్ ఫారం రాసి పెన్షన్ తెచ్చుకోవడం ఆవిడ అలవాటు. మెసేజ్ చదివించుకుని నన్ను అడిగిన మొదటి మాట, "నా డబ్బేమవుతుందిరా?"

ఇదే టెన్షన్ చాలా ఇళ్లలో చూశాను. అందుకే ముందు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతాను. డబ్బుకేమీ కాదు. కార్డు వేరు, ఖాతా వేరు. కార్డు ఆగినా ఖాతాలో పెన్షన్ పడుతుంది, వడ్డీ పడుతుంది, చెక్కు చెల్లుతుంది, పాస్‌బుక్కు పట్టుకెళ్తే కౌంటర్లో డబ్బిస్తారు. ఆగేది ఆ ప్లాస్టిక్ ముక్కతో జరిగే పనులే.

మరి వాడని కార్డుతో బ్యాంకుకి వచ్చిన ఇబ్బందేమిటి? మనం చూడని కార్డు నంబరు ఎవరి చేతిలోనైనా పడితే మనకు వెంటనే తెలియదు. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు దీని మీదే ఒక ఆదేశం ఇచ్చింది. ఆన్‌లైన్‌లో గానీ, విదేశాల్లో గానీ, దుకాణంలో మెషీన్‌కి తాకించి గానీ ఒక్కసారి కూడా వాడని కార్డులకు ఆయా సౌకర్యాలు ఆపేయమంది. కావాలంటే మనమే తెరుచుకోవచ్చు, వద్దనుకుంటే మూసుకోవచ్చు, పరిమితి కూడా పెట్టుకోవచ్చు. నిజానికి ఇది మన మేలుకే వచ్చిన మార్పు. కానీ ఆ సంగతి చెప్పే మెసేజ్ మాత్రం బెదిరింపులా ఉంటుంది. పెద్దవాళ్లకు అర్థమయ్యేలా మన భాషలో రెండు వాక్యాలు రాయడం బ్యాంకులకు అంత కష్టమా అని నాకు బాధగా ఉంటుంది.

ఖాతానే నిద్రపోవడం వేరే సంగతి. రెండేళ్లపాటు మనం ఒక్క లావాదేవీ కూడా చేయకపోతే ఖాతాను ఇనాపరేటివ్‌గా మారుస్తారు. బ్యాంకు వేసే వడ్డీ, కోసుకునే చార్జీలు ఈ లెక్కలోకి రావు. మా అమ్మ కార్డు ముట్టకపోయినా నెలనెలా కౌంటర్లో డబ్బు తీస్తోంది కాబట్టి ఖాతాకి ఢోకా లేదు. ఒకవేళ మీ ఖాతా అలా మారిపోయి ఉంటే, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం మినిమమ్ బ్యాలెన్స్ లేదని జరిమానా వేయకూడదు, మళ్లీ తెరిచినందుకు చార్జీ తీసుకోకూడదు. కేవైసీ కాగితాలు, అంటే మన గుర్తింపు, చిరునామా రుజువులు ఇస్తే చాలు.

జన్‌ధన్ ఖాతా ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. మీ రూపే కార్డుతో ప్రమాద బీమా ఉంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు 2 లక్షల రూపాయలు, అంతకుముందు వాటికి లక్ష. అయితే ప్రమాదానికి ముందు 90 రోజుల్లో కనీసం ఒక్కసారైనా ఆ కార్డు వాడి ఉండాలి. సంపాదించే మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఆ 2 లక్షలు ఎంత ఆసరా! కార్డు పెట్టెలో ఉండిపోయినందుకు ఆ డబ్బు రాకుండా పోకూడదు. రెండు నెలలకోసారి ఏటీఎంకి వెళ్లి వంద రూపాయలైనా తీయండి.

ఫోనుంటే చాలు, కార్డెందుకు అనేవాళ్లూ ఉన్నారు. యూపీఐ పిన్ మరిచిపోతే కొత్తది పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ అడుగుతుంది. ఆధార్‌తో పెట్టుకునే దారి కూడా ఉంది. కాకపోతే బ్యాంకులో ఉన్న ఫోన్ నంబరే ఆధార్‌కీ ఉండాలి. ఇదంతా చూసుకున్నాక కూడా కార్డు అక్కర్లేదనిపిస్తే నిక్షేపంగా తిరిగి ఇచ్చేయండి. డెబిట్ కార్డు తీసుకోవాల్సిందేనని బ్యాంకు బలవంతపెట్టకూడదు. రాతపూర్వకంగా రద్దు చేయించుకుంటే ఏడాదికోసారి కోసుకునే చార్జీ కూడా తప్పుతుంది.

ఇక అసలు భయపడాల్సింది దొంగ మెసేజ్‌లకి. మోసగాళ్లు కూడా ఇవే మాటలు రాస్తారు. ఈ రాత్రికే కార్డు బ్లాక్ అవుతుంది, ఈ లింక్ నొక్కండి అంటారు. నొక్కకండి. అనుమానం ఉంటే కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేయండి, లేదా బ్రాంచికి వెళ్లండి. పిన్, ఓటీపీ అడిగేవాడు బ్యాంకు మనిషి కాడు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయండి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదని 2017 నుంచి నిబంధన ఉంది. మనమే ఓటీపీ చెప్పేసి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మనమే భరించాలి. బ్యాంకుకి చెప్పాక పోయేది మాత్రం బ్యాంకే భరిస్తుంది. అందుకే ప్రతి నిమిషం విలువైనదే.

మా అమ్మ కార్డు ఉంచుకుంటానంది. ఇద్దరం ఏటీఎంకి వెళ్లాం. కవరు అక్కడే చింపి, ఓటీపీతో పిన్ పెట్టుకుంది. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఆన్‌లైన్, విదేశీ వాడకం ఆపేసే ఉంచాం, రోజుకి తీసే మొత్తానికి చిన్న పరిమితి పెట్టాం. ఐదు వందలు తీశాక వచ్చిన రసీదు పట్టుకుని, సంచిలోంచి పాస్‌బుక్కు తీసి, అందులోని బ్యాలెన్స్‌లోంచి ఆ ఐదు వందలు తీసేసి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. సరిపోయాయి.

నమస్కారం.