తని ఆవర్తనం వస్తే లేవకండి

శ్రోతలకు నమస్కారం.

ఎదురుగా కూర్చుని విన్న కచేరీల్లో మరిచిపోలేనిది ఏది అని సంగీతాభిమానులను అడిగి చూడండి. ఫలానా గాయకుడు ఫలానా రాగం అందుకున్న రాత్రి, అంటారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి పేరు చెబుతారు. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర అంతమంది కలిసి ఆయన ఐదు కీర్తనలు, పంచరత్నాలు, పాడటం చెబుతారు. పాడేవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, పాట మాత్రం, సంస్కృతంలో ఉన్న ఒక్కటి తప్పిస్తే, మన తెలుగు. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నాకు ఇచ్చిన ఈ కాస్త సమయం నేను మృదంగానికి ఇచ్చేస్తున్నాను.

ఎందుకంటే మృదంగానికి కచేరీలో దొరికేదే కాస్త సమయం. అది కూడా మనం సరిగ్గా వినం.

కచేరీ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. వర్ణంతో మొదలై, రెండు మూడు చిన్న కీర్తనలయ్యాక ఒక పెద్ద రాగం తీస్తారు. ఆలాపన, కీర్తన, కీర్తనలో ఒక పంక్తినే మార్చి మార్చి పాడే నెరవల్, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన. అంతా అయ్యాక పాడేవాళ్ళు మృదంగం వైపు చెయ్యి చూపించి, ఇక మీ ఇష్టం అన్నట్టు ఊరుకుంటారు. వాళ్ళ పని ఇక తాళం వెయ్యడమే. ఇదే తని ఆవర్తనం. రెండు గంటలుగా పాటను మోసుకొచ్చిన మృదంగం, మట్టికుండ ఘటం, చిన్న డప్పులాంటి కంజీర అప్పుడు సొంతంగా మాట్లాడతాయి.

సరిగ్గా అప్పుడే మన సభల్లో కుర్చీలు కదులుతాయి. ఒకాయనకు టీ గుర్తొస్తుంది. ఒకావిడకు తొమ్మిదింటి బస్సు గుర్తొస్తుంది. ఫోన్ చెయ్యాల్సినవాళ్ళందరూ అప్పుడే గుర్తొస్తారు. ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అంటూ మన కాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళిపోతారు. వేదిక మీద ఆయన ముప్పై ఏళ్ళ సాధన చేతుల్లో పెట్టుకుని మొదలెడుతుంటే, మనం ఆయనకు వీపు చూపిస్తాం. ఇది నాకు నచ్చదు. ఎన్నిసార్లు చూసినా నచ్చదు.

రేడియో కచేరీల్లో ఈ ఇబ్బంది లేదు. ఎవరు లేచి వెళ్ళారో ఎవరికీ తెలియదు! కాకపోతే ఇక్కడ గడియారం ఉంటుంది. తనికి దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే ఎదురుగా కూర్చుని వినాలంటాను.

ఒక్క కచేరీ గురించి చెప్తాను.

శ్రీరామనవమి పందిరి. గోదావరి ఒడ్డున ఒక ఊరు. నేను అప్పటికి ఉద్యోగంలో చేరలేదు. మా మేనమామ తీసుకెళ్ళాడు. ఆయన ఏ వాద్యమూ నేర్చుకోలేదు. కానీ కచేరీ ఉందంటే సైకిల్ మీదైనా వెళ్ళేవాడు. తాటాకుల పందిరి, మామిడి తోరణాలు, ఒక పక్క పానకం బిందెలు. పాడేది ఒక పెద్దావిడ. వయొలిన్ మీద ఆవిడ మేనకోడలు. మృదంగం మీద తల పూర్తిగా నెరిసిన ఒకాయన. ఆయన పక్కన ఘటం పెట్టుకుని ఒక కుర్రాడు, పదిహేడు పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. చొక్కా కింది గుండీలు విప్పుకుని కూర్చున్నాడు. ఘటం మూతిని పొట్టకు ఆనించి, దగ్గరికి నొక్కుతూ దూరం జరుపుతూ వాయిస్తే నాదం మారుతుంది. చొక్కా అడ్డం ఉంటే కుదరదు.

మేము తొందరగా వెళ్ళాం కాబట్టి పెద్దాయన మృదంగం సిద్ధం చేసుకోవడం చూశాను. కుడివైపు నల్లటి పూత ఎప్పుడూ ఉండేదే. ఎడమవైపు మాత్రం కచేరీకి ముందు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తారు. ఆయన చిన్న గిన్నెలో రవ్వ తడిపి, బొటనవేలితో మెత్తగా నొక్కి, మధ్యలో గుండ్రంగా పరిచాడు. ఒకసారి అరచేత్తో తట్టి చూశాడు. నచ్చలేదు. చిటికెడు తీసేశాడు. మళ్ళీ తట్టాడు. ఈసారి గుమ్మని వచ్చింది. ఆ గుమ్ము అంతా ఆ రవ్వ బరువుది. కచేరీ అయ్యాక దాన్ని గీకి తీసేస్తారు. మర్నాటి కచేరీకి మళ్ళీ కొత్త రవ్వ.

ఇక శ్రుతి. గోదావరి మీంచి వచ్చే తేమ గాలికి చర్మం సడలుతుంది. పాటకీ పాటకీ మధ్య ఆయన గుండురాయి తీసి, చిన్న కొయ్యపుల్ల అంచుకు ఆనించి, టక్ టక్ మని కొట్టి సరిచేసుకుంటూనే ఉన్నాడు. వెనక వరసలో ఎవరో, ‘ఈ కొట్టుడేంటండీ మధ్యమధ్యలో’ అని విసుక్కున్నారు. మా మామయ్య వెనక్కి తిరిగి, ‘ఆ కొట్టుడు లేకపోతే మీకు పాట వినబడదండీ’ అన్నాడు. ఆయన అంతే.

పెద్ద కీర్తన ఆదితాళంలో, బాగా నెమ్మది నడకలో సాగింది. స్వరాలయ్యాయి. ఆవిడ చెయ్యి చూపించింది. కుర్చీలు కదిలాయి. పందిరి అంచున ఉన్న టీ బంకు వైపు జనం నడిచారు. పెద్దాయన వాళ్ళ వంక చూడలేదు. హడావిడిగా మొదలుపెట్టి వాళ్ళను ఆపాలనీ చూడలేదు. ఎడమచేత్తో ఒక గుమ్కీ, అంటే ఎడమవైపు పలికే గుమ్మనే నాదం, ఇచ్చి ఊరుకున్నాడు. ఒక పూర్తి లెక్క పోనిచ్చాడు. మళ్ళీ ఒకటి. చర్మం మీద మణికట్టు జరుపుతుంటే ఆ నాదం మూలుగుతూ పైకి లేచింది. కుడిచెయ్యి అసలు ముట్టుకోలేదు. అంత నెమ్మదిగా, అంత ఖాళీగా. నడుస్తున్నవాళ్ళలో కొందరు ఆగి వెనక్కి చూశారు.

ఇక్కడ కథ ఆపి మీ చేత ఒక చిన్న పని చేయిస్తాను. కుడి చెయ్యి తొడ మీద పెట్టండి. బండి నడుపుతున్నవాళ్ళు వద్దు, మిగతావాళ్ళు పెట్టండి. ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు. నాలుగయ్యాయి. మళ్ళీ ఒక దెబ్బ, చెయ్యి వెల్లకిలా తిప్పి ఒకటి. మళ్ళీ దెబ్బ, మళ్ళీ తిప్పి. మొత్తం 8. ఇదే ఆదితాళం. ఒక్కో లెక్కకు తకధిమి అనుకోండి, నాలుగు అక్షరాలు. ఎనిమిది నాలుగులు 32. మళ్ళీ మొదటి దెబ్బ పడే చోటు సమం.

ఇప్పుడు తకధిమి బదులు తకతకిట అనండి. 5 అక్షరాలు. 32లో 5 ఇమడదు. ఆరుసార్లు అంటే 30, రెండు మిగిలిపోతాయి. అందుకే తకతకిట అంటూ పోతే చెయ్యి ఒక చోట, నోరు ఒక చోట ఉంటాయి. మృదంగం వాయించేవాళ్ళు మనతో ఆడుకునేది ఇక్కడే. ఉదాహరణకు ఇలా చేస్తారు: తకతకిట తకతకిట తకతకిట, 15 అయ్యాయి. తర్వాత, తధిగిణతొం, ఒక అక్షరం మౌనం, తధిగిణతొం, మళ్ళీ ఒక మౌనం, తధిగిణతొం. మూడైదులు 15, రెండు మౌనాలు కలిపి 17. ముందు 15, ఇప్పుడు 17. కూడండి. 32! తర్వాత పడే దెబ్బే సమం. దీన్ని ముక్తాయింపు అంటారు. మూడుసార్లు వాయిస్తారు. ఇది చాలా చిన్నది, పిల్లలకు చెప్పేది. కచేరీలో వచ్చేవి దీనికి ఎన్నో రెట్లు.

మళ్ళీ పందిట్లోకి రండి. పెద్దాయన తన వంతు ముగించాడు. కుర్రాడు అందుకున్నాడు. ఘటం మీద వేళ్ళు ఎంత వేగంగా తిరుగుతున్నాయంటే, పక్క బల్బు వెలుగులో ఆ గోళ్ళు మిలమిలమంటున్నాయి. మళ్ళీ పెద్దాయన వంతు. ఈసారి ఐదుల నడకలోకి వెళ్ళాడు. అంతే, జనంలో చేతులు చెల్లాచెదురయ్యాయి. ముందు వరసలో ఒకాయన దెబ్బ వేస్తుంటే, పక్కాయన చెయ్యి తిప్పుతున్నాడు. వాళ్ళ వెనకాయన మధ్యవేలి దగ్గర ఆగిపోయి దిక్కులు చూస్తున్నాడు. నా చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది. నాకు టెన్షన్. మామయ్య నా మోచెయ్యి పొడిచి, ‘ఒరేయ్, వాళ్ళ చేతులు చూస్తే నువ్వూ మునుగుతావు. పాడే ఆవిడ చెయ్యి చూడు’ అన్నాడు.

చూశాను. ఆవిడ చెయ్యి గోడగడియారంలా తిరుగుతోంది. దెబ్బ, వేలు, వేలు, వేలు.

అప్పుడు వంతులు తగ్గించుకుంటూ రావడం మొదలైంది. వాళ్ళు దాన్ని కొరప్పు అంటారు. ముందు రెండేసి ఆవర్తనాలు, అంటే తాళం రెండు పూర్తి చుట్లు, పెద్దాయన, రెండేసి కుర్రాడు. తర్వాత ఒకటి, తర్వాత అర, తర్వాత పావు. పెద్దాయన ఒక వరస వాయించి మధ్యలో ఒక చోట దెబ్బ వెయ్యకుండా వదిలేశాడు. ఖాళీ. కుర్రాడు అదే వరస అదే ఖాళీతో తిరిగి ఇచ్చాడు. జనం భేష్ అన్నారు. పెద్దాయన రెండోసారి ఖాళీని ఇంకో చోటికి జరిపాడు. కుర్రాడు ఈసారి అది అలాగే ఇవ్వలేదు. ఆ ఖాళీని ఇంకో అక్షరం సాగదీసి, ఆఖర్న ఒక అక్షరం మింగేసి, సరిగ్గా చోటుకు దిగాడు.

పెద్దాయన చేతులు ఆపి, తల తిప్పి, కుర్రాడి వంక చూశాడు. ఆయన వంతు వచ్చేసింది. వాయించాలి, లెక్క పోతోంది. ఆయన ఏం చేశాడో తెలుసా? తను అనుకున్నది వదిలేసి, కుర్రాడు సాగదీసిన ఆ ఖాళీనే తన వరసలో పెట్టి వాయించాడు. అప్పటికి ఎన్ని కచేరీలు చేశాడో ఆయనకే గుర్తుండదు. అలాంటాయన పదిహేడేళ్ళ కుర్రాడి ఆలోచనను అందరి ముందూ అందుకుని వాయించాడు. మామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాడే ఆవిడ తాళం వేస్తూనే నవ్వేసింది.

తర్వాత ఇద్దరూ కలిశారు. ముక్తాయింపు ఒకసారి. రెండోసారి. టీ బంకు నుంచి తిరిగొచ్చినవాళ్ళు పందిరి గుంజల దగ్గరే నిలబడిపోయారు. అందులో ఒకాయన ఎడమచేతిలో గ్లాసు పట్టుకుని, కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తున్నాడు. మూడోసారి. సమం పడింది, ఆవిడ పల్లవి ఎత్తుకుంది, వయొలిన్ అదే క్షణంలో కలిసింది, గుంజ దగ్గరాయన రెండు చేతులూ ఒకేసారి దించాడు. టీ అంతా పంచె మీద! ఆయనకు కాలినట్టు కూడా తెలియలేదు. ఆహా అంటున్నాడు.

పాల్ఘాట్ మణి అయ్యర్ గారి పేరు చెప్పకుండా మృదంగం మాట ముగించకూడదు. 1966లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఆయనకు ఇచ్చింది. మృదంగ విద్వాంసుడికి ఆ బిరుదు రావడం అదే మొదలు. ఆయనకు మైకు అంటే పడేది కాదు. మైకు ఎడమవైపు నాదాన్ని ఉబ్బించి, కుడివైపు సన్నటి పలుకుల్ని మింగేస్తుందని నాకూ అనిపిస్తుంది. మన తెలుగునాట మృదంగాన్ని ఆడవాళ్ళు ముట్టుకోవడమే అరుదైన రోజుల్లో దాన్ని ఒడిలోకి తీసుకున్న దండమూడి సుమతీ రామమోహనరావు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. టైముంటే ఆవిడ గురించే ఒక ప్రసంగం చెయ్యొచ్చు.

చివరగా, వచ్చే నవరాత్రుల్లో మీరు ఏ సభకు వెళ్ళినా పనికొచ్చే ముక్క ఒకటి. మామూలుగా మృదంగం, పాడేవాళ్ళకు కుడిపక్కన ఉంటుంది, అంటే మనకు ఎడమవైపు కనబడుతుంది. వాయించేవాళ్ళ ముఖం హాలు కుడివైపుకు తిరిగి ఉంటుంది. కాబట్టి కుడివైపు కుర్చీలు పట్టండి, ముఖమూ వేళ్ళూ బాగా కనిపిస్తాయి. ఎడమచేతి వాటం వాళ్ళయితే ఇదంతా తిరగబడుతుంది. పళని సుబ్రమణ్య పిళ్ళై గారిలాంటి మహా విద్వాంసులది ఎడమచేతి వాటమే. తాళం తప్పితే పక్కవాళ్ళ చేతులు చూడకండి, పాడేవాళ్ళ చెయ్యి చూడండి. టీ కచేరీకి ముందే తాగెయ్యండి. తప్పదు, లేవాల్సిందే అంటారా, ముక్తాయింపు మూడోసారి పూర్తయి పల్లవి ఎత్తుకున్నాక లేవండి.

నమస్కారం.