మణికట్టు మీద తెల్ల దారాలు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, నేను పరిశోధకురాలిని కాను. నర్సుని. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో పదహారేళ్ళుగా ఉంటున్నాను.

శనివారం పొద్దున ఇక్కడి రైతుల మార్కెట్‌కి మనలో చాలామంది వెళ్తాం. కాకరకాయలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర తెచ్చుకుంటాం. అమ్మే ముసలావిడతో బేరం కూడా ఆడతాం. ఆవిడ ఏ దేశం అని ఇంటికొచ్చాక ఎవరైనా అడిగితే "చైనీస్ అనుకుంటా" అనేస్తాం. ఆవిడ హ్మాంగ్, లావోస్ కొండల నుంచి ఇక్కడికి వచ్చిన ఒక జాతి. ఆ మాట నాకు తెలిసింది మాత్రం మార్కెట్‌లో కాదు, నేను చేసిన ఒక తప్పు వల్ల.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఆపరేషన్‌కి తీసుకెళ్ళాల్సిన ఒక పెద్దాయన చేతులకి తెల్ల దారాలు కట్టి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, రెండు మణికట్లకీ వరసలు వరసలుగా. చేతి మీద ఏవీ ఉండకూడదని మాకు రూల్. నేను కత్తెర తీసుకుని కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. ఆయన అరవలేదు. ఆయన భార్య మాత్రం ఆ చెత్తబుట్ట వంకే చూస్తూ నిలబడిపోయింది. అరగంట తర్వాత ఆపరేషన్ వద్దని సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

చిన్నప్పుడు తాయెత్తు కట్టించుకుని పెరిగిన దాన్నే నేను. నా తమ్ముడి మొలతాడు ఎవరైనా అలా కత్తిరించి ఉంటే మా నాయనమ్మ ఊరుకునేదా?

ఆ పెద్దాయన హ్మాంగ్. వాళ్ళ లెక్కలో మనిషికి ఒకటి కాదు, చాలా ఆత్మలు. ఆత్మని 'ప్లీ' అంటారు. పెద్ద శబ్దానికి జడుసుకున్నా, తీరని దుఃఖం వచ్చినా, మత్తుమందు ఇచ్చి కోసినా ఒక ప్లీ ఒంట్లోంచి జారిపోతుంది. మనిషి నలతపడతాడు. జారిపోయినదాన్ని పిలిచి తెచ్చాక మళ్ళీ పోకుండా మణికట్టుకి దారం కడతారు. ఇంటిల్లిపాదీ, చుట్టాలూ వచ్చి తలా ఒక పోగు కడతారు. కనీసం మూడు రోజులు తియ్యరు. అంటే ఆ రోజు నేను కత్తిరించింది ఆయన ఆత్మకి కట్టిన ముడి. అదీ సరిగ్గా కోతకి ముందు!

కొంచెం చరిత్ర, త్వరగా చెప్పేస్తాను. వీళ్ళ పూర్వీకులది దక్షిణ చైనా. అక్కడి నుంచి లావోస్, వియత్నాం, థాయ్‌లాండ్ కొండలకి వచ్చారు. 1961 నుంచి లావోస్‌లో కమ్యూనిస్టుల మీద పోరాటానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వీళ్ళని రహస్య సైన్యంగా కూడగట్టింది. నాయకుడు జనరల్ వాంగ్ పావ్. 1975 మేలో అంతా కూలింది. లాంగ్ చెంగ్ స్థావరం నుంచి కొద్దివేల మందికే విమానాల్లో చోటు దొరికింది. మిగతావాళ్ళు అడవులు పట్టి, మెకాంగ్ నది ఈది, థాయ్‌లాండ్‌లో బాన్ వినై లాంటి శిబిరాలకి చేరారు. అమెరికా వీళ్ళని ఊరికొకరుగా చెదరగొట్టి దింపింది. వాళ్ళు మళ్ళీ మూటలు కట్టుకుని కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో, మెర్సెడ్‌లలో, మన సెయింట్ పాల్‌లో ఒకచోటికి చేరారు. ఎందుకంటే వాళ్ళకి పద్దెనిమిది వంశాలు. వాంగ్, షాంగ్, యాంగ్, లీ, ఇలా. ఒకే వంశంలో పెళ్ళి చేసుకోరు, చావుకీ కష్టానికీ వంశమే దిక్కు. ఇంటిపేర్లు కలిస్తే సంబంధం వదులుకునే మనకి ఇది ఇంతకంటే విడమరచక్కర్లేదు.

ఇప్పుడు అసలు మనిషి, జారిపోయిన ఆత్మని తెచ్చేవాడి దగ్గరికి వద్దాం. ఇంగ్లీషువాళ్ళు 'షమాన్' అంటారు. అది సైబీరియా వైపు నుంచి వచ్చిన మాట. హ్మాంగ్ వాళ్ళ మాట 'ట్సీ నెంగ్'. ఆడవాళ్ళూ అవుతారు. ఇది ఎంచుకునే వృత్తి కాదు. అంతు తెలియని జబ్బు పడతారు. నిన్ను ఆత్మలు ఎంచుకున్నాయని ఒక పెద్ద ట్సీ నెంగ్ చెప్తాడు. ఒప్పుకుంటేనే జబ్బు నెమ్మదిస్తుంది.

ఈ సంగతి చెప్పగానే మా ఆయన "ఓహో, పూనకం" అన్నారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను, సగమే సరి. బోనాల్లో రంగం చెప్పే ఆవిడని తలుచుకోండి. అమ్మవారు దిగి ఆవిడ ఒంటి మీదికి వస్తుంది. ట్సీ నెంగ్‌ది ఎదురుదారి. ఎవరూ ఇటు దిగి రావడం కాదు, ఈయనే బయల్దేరి అటు వెళ్తాడు. తప్పిపోయిన ఆత్మని వెతికి, అవసరమైతే బేరమాడి, వెంటబెట్టుకుని వస్తాడు.

మా పక్కింట్లో చూశాను. సన్నటి పొడవాటి చెక్కబల్ల, అదే గుర్రం. ముఖం మీద నల్లగుడ్డ కప్పుకున్నాడు, ఈ లోకం కనబడకుండా. వేళ్ళకి గంటలు, చేతిలో ఇనప గలగల. వెనక ఒకరు కంచు గంట కొడుతున్నారు. డెబ్బై దాటిన మనిషి, ఆ బల్ల మీద రెండు గంటలకి పైగా ఎగిరెగిరి స్వారీ చేశాడు. మధ్యలో చీల్చిన గేదెకొమ్ము ముక్కలు నేల మీద వేసి, అవి ఎలా పడ్డాయో చూసి, దారి సరిగ్గా ఉందో లేదో తెలుసుకున్నాడు. పక్కగదిలో పిల్లలు వీడియోగేమ్ ఆడుకుంటున్నారు, ఎవరూ వాళ్ళని కసరలేదు. ఆయన దిగగానే బీపీ చూద్దామని నాకు చెయ్యి లాగింది. నర్సు బుద్ధి.

పందిని కూడా బలిస్తారు. దాని ప్రాణం రోగి ప్రాణానికి కాపలా. తర్వాత అందరికీ భోజనం. ముఖం చిట్లించేవాళ్ళు ఒక్కసారి మన ఊళ్ళో జాతర గుర్తుచేసుకోండి.

ఆస్పత్రులు కూడా కొంత నేర్చుకున్నాయి, ఆలస్యంగా. 1980లలో మెర్సెడ్‌లో మూర్ఛ వ్యాధి ఉన్న ఒక హ్మాంగ్ పాప విషయంలో డాక్టర్లకీ తల్లిదండ్రులకీ మధ్య మాటే కుదరలేదు. ఆత్మ జారిపోయిందని తల్లిదండ్రులు, మందులు వెయ్యట్లేదని డాక్టర్లు. పాప మీద ప్రేమ ఇద్దరికీ ఉంది. అయినా పాప మెదడు దెబ్బతింది. 2009 నాటికి అదే ఊళ్ళో ఆస్పత్రి ట్సీ నెంగ్‌లని అధికారికంగా వార్డుల్లోకి రానిచ్చింది. మెత్తటి గొంతుతో మంత్రాలు చదవొచ్చు, ఆత్మని పిలవొచ్చు. వాళ్ళకి బ్యాడ్జీలు ఇచ్చారు, మైక్రోస్కోపులో కణాలు చూపించారు. నాకు నచ్చింది ఆ చూపించడమే.

అందరూ ఇంకా ఇదే పాటిస్తున్నారని అనుకోకండి. చాలామంది క్రైస్తవులయ్యారు. ఒకే ఇంట్లో అన్న చర్చికి వెళ్తాడు, తమ్ముడు బల్లెక్కుతాడు. తండ్రి పోయిన రోజున చావు ఎలా చెయ్యాలన్న దగ్గర అసలు గొడవ మొదలవుతుంది.

పాత పద్ధతిలో చావంటే రోజుల తరబడి. చనిపోయిన మనిషికి ఒక పెద్దాయన దారి చెప్తాడు. తిన్నగా స్వర్గానికి కాదు. బతికిన ఊళ్ళన్నీ వెనక్కి ఒక్కొక్కటీ చెప్పాలి: సెయింట్ పాల్, అంతకుముందు ఫ్రెస్నో, శిబిరం, మెకాంగ్, లావోస్‌లో ఊరు. పుట్టిన ఇంటికి చేరి అక్కడ పాతిన మావిని తొడుక్కుంటేనే ఆత్మ పూర్వీకుల దగ్గరికి పోగలదు. వాళ్ళ భాషలో మావికీ చొక్కాకీ ఒకటే మాట. మగపిల్లాడిది ఇంటి నడిమి స్తంభం దగ్గర, ఆడపిల్లది తల్లిదండ్రుల మంచం కింద పాతిపెట్టేవాళ్ళు. ఇక్కడ ఆస్పత్రిలో పుట్టిన పిల్లల చొక్కా ఎక్కడుంది? ప్రసూతి వార్డులో చేస్తున్నప్పుడు ఎవరైనా మావి ఇంటికి తీసుకెళ్తామంటే ఆ డబ్బా నేనే జాగ్రత్తగా సర్ది ఇచ్చేదాన్ని.

మూడేళ్ళ క్రితం జనవరిలో ఒక దుకాణం పార్కింగ్‌లో ఐసు మీద జారిపడి మడమ విరగ్గొట్టుకున్నాను. ఎముక అతుక్కుంది కానీ నిద్ర పట్టేది కాదు. బయటికి అడుగు పెట్టాలంటే టెన్షన్. పక్కింటి ముసలావిడ మనవణ్ణి వెంటేసుకుని వచ్చింది. ఎక్కడ పడ్డావు, ఏ వరసలో, లైటు స్తంభానికి ఇటా అటా అని అడిగించింది. వివరాలు కావాలి, ఆత్మ అక్కడే కూర్చుని ఉంటుంది కదా. మా గుమ్మంలో చిన్న బల్ల వేసి గిన్నెడు బియ్యం, దాని మీద గుడ్డు, అగరొత్తులు పెట్టింది. తలుపు బార్లా తెరిచింది. బయట మైనస్ పన్నెండు. మా ఆయన హీటర్ బిల్లు గురించి ఏదో అనబోయి ఊరుకున్నారు.

పిలవడం మొదలుపెట్టింది. నా పేరు దగ్గర ఆగిపోయింది. ఆవిడకి నోరు తిరగలేదు. మనవడితో ఏదో అంది. వాడు నా వైపు తిరిగి, "ఆంటీ, చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేది?" అన్నాడు.

బుజ్జి అని చెప్పాను.

ఆవిడ మళ్ళీ వీధి వైపు తిరిగి, ఆ మంచులోకి, వాళ్ళ భాషలో చాలాసేపు ఏదేదో పాడినట్టు పిలిచింది. ఆ పిలుపులో నాకు తెలిసింది ఒక్క మాటే. రెండు మూడు మాటలకోసారి వచ్చింది. బుజ్జీ, బుజ్జీ.