మూడు బటన్లలో ఇమిడిన మనసు

నమస్తే అండీ. ఈ మధ్య నా స్నేహితుడి నాన్నగారు పోయారు. వాడు మా గ్రూప్‌లో రెండు లైన్లు రాశాడు. కింద వరసగా జవాబులు. అన్నింట్లో ఒకే మాట, "ఆత్మకు శాంతి కలగాలి" అని. పేర్లు తీసేస్తే ఏది ఎవరు రాశారో చెప్పలేం. వాటిలో నాదీ ఒకటి. అది పెట్టేసి నా పనిలో పడిపోయాను.

చిన్నప్పుడు వాళ్లింట్లో చదువుకుని రాత్రి బయల్దేరితే, నేను వీధి మలుపు తిరిగేదాకా ఆయన గేటు దగ్గర టార్చ్ వేసి నిలబడేవారు. ఆ సంగతి నేను రాయలేదు.

2015లో గూగుల్, మెయిల్స్‌కి రెడీమేడ్ జవాబులు చూపించే ఫీచర్ తెచ్చింది. మూడు చిన్న జవాబులు వస్తాయి, ఒకటి నొక్కితే చాలు. దాన్ని తయారుచేసిన వాళ్లే ఒక విషయం చెప్పారు. మొదట్లో అది ఏ మెయిల్ వచ్చినా 'ఐ లవ్ యూ' అనమని సూచించేదట! జనం తరచూ వాడే మాట కదా, ఎక్కడైనా అతుకుతుందని దాని లెక్క. తర్వాత సరిచేశారు. యంత్రాన్ని తప్పుపట్టను, దానికి ఎవరూ పోలేదు. మరి మనం? ఎక్కడైనా అతికే మాటే మనమూ ఏరుకుంటున్నాం.

ఫేస్‌బుక్‌లో లైక్ 2009లో వచ్చింది. పెళ్లి కబురుకీ, ఉద్యోగం పోయిందన్న కబురుకీ అదే బొటనవేలు. 2016లో ఇంకో ఐదు బొమ్మలు చేర్చారు. మన బాధంతా ఒక్క కన్నీటి చుక్క ఉన్న పసుపు ముఖం.

టైం లేదంటాం. నాకు మాత్రం అది భయం అనిపిస్తుంది. ఏదైనా రాస్తే తప్పుగా ఉంటుందేమో, వాళ్లని ఇంకా ఏడిపిస్తామేమో అని టెన్షన్. అందుకే అందరూ అన్నదే అనేస్తాం. కానీ మాట కోసం తడుముకునే ఆ కాసేపే కదండీ మనం నిజంగా ఆ మనిషిని తలుచుకునేది! బటన్ నొక్కేస్తే ఆ తలుచుకోవడమే ఉండదు.

మర్నాడు వాడికి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "నాన్నగారు టార్చ్ వేసేవారు కదరా, నేను మలుపు తిరిగేదాకా" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ టార్చ్ ఇంకా తలుపు పక్కనే ఉందిరా."